వదిన స్టూలు కింద అదురు

పెద్దాయనకి సెలవిచ్చెయ్యమని డాక్టరు చెప్పినప్పుడు బేసమ్మకి తన భుజం గురించి బెంగ కలగలేదు, వదిన గురించి కలిగింది.

పెద్దాయన అంటే మనిషి కాదు. బేస్ గిటారు హెడ్డు. గిటారు తీగల్లోంచి వచ్చే పిసరంత శబ్దాన్ని హాలంతా నిండేలా పెంచి, కింద ఉన్న స్పీకరు పెట్టెకి పంపించే యంత్రం. లోపల గాజు బల్బులు, ఇంత లావు ఇనప ట్రాన్స్‌ఫార్మరు, బయట రెండు పక్కలా రెండు పిడులు. స్విచ్చి వెయ్యగానే పలికే రకం కాదు. బల్బులు ఎర్రబడాలి, ఒళ్ళు వెచ్చబడాలి, గొంతు సవరించుకోవాలి, అప్పుడుగానీ నోరు విప్పడు. అందుకే వదిన ఆయనకా పేరు పెట్టింది. మరదలికి బేసమ్మ అని పెట్టింది కూడా ఆవిడే. ఆవిడ ఒకసారి పేరు పెట్టిందంటే అసలు పేరు ఇక అటకెక్కినట్టే.

ఆ ఇంటి బ్యాండులో ఉన్నదే ముగ్గురు. బేసమ్మ మొగుడు కీబోర్డు వాయిస్తూ పాడతాడు. అతని అక్క, అంటే వదిన, డ్రమ్స్ వాయిస్తుంది. బేసమ్మది బేస్ గిటారు. పుట్టినరోజులకీ, విందులకీ, ఆఫీసు వేడుకలకీ ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి సామాను వ్యానులో కుక్కుకుని బయల్దేరతారు. స్పీకరు పెట్టెకి చక్రాలున్నాయి కాబట్టి దాని సంగతి మొగుడు చూసుకుంటాడు. పెద్దాయన్ని మోసేది మాత్రం ఆడవాళ్ళిద్దరే. ఒకసారి ఎవరో సాయం పడతానని వచ్చి, దభీమని కింద పెట్టి, లోపలి బల్బులు పగలగొట్టాడు. అప్పట్నుంచీ ఆయన మీద పరాయి చెయ్యి పడలేదు. ఒక పిడి వదినది, ఒక పిడి మరదలిది. మెట్ల దగ్గర వదిన "ఊఁ, ఎక్కు! ఊఁ, ఎక్కు!" అంటూ తాళం వేస్తుంది. ఆ తాళానికి ఇద్దరూ కలిసి అడుగు వేస్తారు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. మోసేవాళ్ళకి నడుం విరుగుతుంది.

ఇప్పుడు బేసమ్మ కుడి భుజం ఇక నా వల్ల కాదని చేతులెత్తేసింది. "ఇంకోసారి అంత బరువు ఎత్తారంటే ఆ తర్వాత గిటారు కూడా ఎత్తలేరు" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేసింది.

మొగుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "హమ్మయ్య! ఇప్పుడందరూ చిన్నవే వాడుతున్నారు. ఒంటి చేత్తో పట్టుకుపోవచ్చు. నేనెప్పట్నుంచి మొత్తుకుంటున్నాను?"

"దాని ఇష్టంరా" అంది వదిన. "మోసేదీ అదే, వాయించేదీ అదే." అని, చూపు మరదలి మీంచి తప్పించి, టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చూపు తప్పించడమే బేసమ్మ గుండెల్లో రాయి వేసింది. ఎందుకో ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలీదు.

మూడేళ్ళ కిందట ఒక విందులో నెమ్మదైన పాట ఒకటి వాయిస్తుంటే వదిన బీటు దారి తప్పింది. ఎన్నడూ లేనిది. విరామంలో తమ్ముడు నలుగురి ముందూ గయ్యిమన్నాడు. ఆవిడ నోరెత్తలేదు. ముక్కు మీద కోపం ఉండే మనిషి నోరెత్తకపోతే ఎవరికైనా భయం వేస్తుంది కదా. బేసమ్మ చేతులు కడుక్కునే గది దాకా వెంటపడి వెళ్ళింది. అక్కడ పంపు తిప్పేసి, ఆ నీళ్ళ చప్పుడు చాటున చెప్పింది వదిన.

"నాకు కింది స్వరాలు వినపడ్డం లేదే. మనుషుల మాటలు వినపడతాయి, వాడి పాటా వినపడుతుంది. నీ గిటారే వినపడదు. కాకపోతే నీ పెట్టె పక్కన కూర్చుంటే స్టూలు కింద అదురు తెలుస్తుంది. ఆ పెద్దాయన పుణ్యమా అని నెట్టుకొస్తున్నా. వాడికి మాత్రం చెప్పకు."

చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఒకసారి వదిన కాలు బెణికినప్పుడు తమ్ముడు దానంతటదే తాళం వేసే డ్రమ్ మెషినొకటి తెచ్చాడు. అది ఇంకా బీరువాలోనే ఉంది. "తాళం తప్పదు, టీ అడగదు" అని అప్పుడప్పుడూ దాన్ని మెచ్చుకుంటాడు కూడా. అతనికి అది పరాచికం. వదినకి కాదు. చిన్నప్పట్నుంచీ డ్రమ్స్ తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి. ఇంకొక్కసారి తప్పిందంటే మెషిన్ వ్యాను ఎక్కుతుంది, ఆవిడ ఇంట్లో మిగిలిపోతుంది. అందుకని ఆనాటి నుంచీ బేసమ్మ ఎక్కడికి వెళ్ళినా స్పీకరు పెట్టెని వదిన స్టూలుకి ఆనించినంత దగ్గరగా జరిపించేది, భుజం ఎంత గుంజినా పెద్దాయన్ని మోసేది. అంతే, ఆ సంగతి మళ్ళీ ఇద్దరి మధ్యా రాలేదు. ఒకసారి బేసమ్మ ఆ మాట ఎత్తబోతే వదిన "అన్నం చల్లారిపోతోంది" అంది. అప్పటికింకా అన్నం ఉడకనే లేదు.

కాబట్టి కొత్త హెడ్డు కొనడానికి బేసమ్మ ఒక్కర్తే వెళ్ళింది. మొగుడు వెంట వస్తానన్నాడు గానీ, దుకాణంలో తను చెయ్యబోయే వేషాలు అతను చూస్తే కొంప మునుగుతుంది.

వాద్యాల దుకాణం పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. గోడలకి గిటార్లు, వెనక చెక్క నేల వేసిన చిన్న గది. దుకాణదారు మాటకారి. వచ్చిన మనిషి నోరు తెరవకముందే సగం అమ్మేసే రకం.

"బరువు తక్కువా? సరైన చోటికొచ్చారు మేడమ్. ఇది చూడండి. రెండు పాలప్యాకెట్ల బరువు. శక్తిలో మీ పాతదానికి ఏమాత్రం తీసిపోదు. మీ స్పీకరు పెట్టెకి సరిపోతుందో లేదో నేను చూసిపెడతా, దాని వెనక రాసున్న నంబరు చెప్పండి చాలు."

నంబరు ఫోన్లో ఫోటో తీసుకొచ్చింది. అతను తలూపి, దాదాపు అలాంటి స్పీకరు పెట్టె మీదే చిన్న హెడ్డు పెట్టి, తీగలు తగిలించి, ఒక గిటారు చేతికిచ్చాడు. బేసమ్మ ఒక స్వరం మీటింది. తేనె కారినట్టుంది. ఇంకోటి మీటింది. పెద్దాయన కూడా ఏనాడూ ఇంత శుభ్రంగా పలకలేదు. మనసు జివ్వుమని లాగింది. కానీ ఆమె తన కోసం కొనడానికి రాలేదు.

"ఒక స్టూలుందా అండీ?"

"నిలబడి వాయిస్తేనే బాగా తెలుస్తుంది మేడమ్."

"నాకు కాదు... అంటే, నాకే."

స్టూలు వచ్చింది. బేసమ్మ దాన్ని స్పీకరు పక్కకి లాక్కుంది. చెప్పులు విడిచింది. కూర్చుని, కళ్ళు మూసుకుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని మీటుతూ, పిరుదుల కింద ఏమైనా తెలుస్తుందా అని ఒళ్ళంతా అటే పెట్టింది. ఏమీ లేదు. స్వరం చెవికి అందింది గానీ స్టూలు నిమ్మకు నీరెత్తినట్టుంది.

"ఇది కాదు. ఇంకోటి చూపించండి."

దుకాణదారు నోరు వెళ్ళబెట్టాడు. "ఇంత మంచి శబ్దం మేడమ్!"

"శబ్దం సంగతి కాదండీ."

హెడ్డు కొనడానికొచ్చి శబ్దం సంగతి కాదనే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండడు. రెండోది పెట్టాడు. దానిలో మరీ కింది స్వరాలని స్పీకరు దెబ్బతినకుండా కోసేసే ఏర్పాటు ఉందట, అది గొప్ప అని చెప్పాడు. బేసమ్మ దణ్ణం పెట్టి పక్కన పెట్టించింది. ఈసారి స్టూలు వదిలేసి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అతను గుమ్మం దాకా వెళ్ళి, బయట ఎవరైనా గిరాకీ ఇదంతా చూస్తున్నారేమోనని తొంగి చూసొచ్చాడు.

మూడోది అన్నిటికన్నా చిన్నది, పుస్తకమంత. దాని బేస్ బొత్తాన్ని చివరిదాకా తిప్పేసరికి గది మొత్తం బురదలో దిగినట్టయింది. ఏ స్వరం ఏదో తెలీదు, అంతా ఒకటే మోతగా ఊగుతోంది. కానీ నేల అదిరింది. స్టూలు అదిరింది. అరలోని గిటారు మీటే బిళ్ళల డబ్బా కూడా గలగలమంది. బేసమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"ఇదే ఇవ్వండి."

"మేడమ్, అలా వాడకండి మేడమ్. బొత్తాలు మధ్యలో పెట్టుకుంటే ఇది కూడా బంగారంలా పలుకుతుంది. ఇలా అయితే మీ పక్కవాళ్ళకి తలనొప్పి వస్తుంది."

"రానివ్వండి."

ఇక చెప్పి లాభం లేదనుకున్నాడో ఏమో, పెట్టెలో సర్దుతూ ఒక నల్లటి రబ్బరు షీటు కూడా వేశాడు. "ఇది మాత్రం మర్చిపోకండి. చిన్న హెడ్లకి బరువుండదు కదా, అదురుకి నడుస్తాయి. స్పీకరు మీద ముందు ఈ రబ్బరు పరిచి, దీని మీద పెట్టండి. కదలదు."

ఇంటికొచ్చి బేసమ్మ ఆ రబ్బరు షీటుని చాలాసేపు చూసింది. మెత్తగా ఉంది. అదురుని మింగేస్తుందేమో అనుకుంది. తను అంత తంటాలు పడి ఏరి తెచ్చుకున్న అదురుని ఈ రబ్బరు ముక్క పొట్టన పెట్టుకుంటే? దాన్ని తీసుకెళ్ళి వంటింట్లో గ్రైండరు కింద వేసింది. అదురు వచ్చేది స్పీకరు పెట్టెలోంచి, దాని మీద కూర్చునే హెడ్డులోంచి కాదని తెలిసినవాళ్ళెవరూ అలా చెయ్యరు. కానీ ప్రేమ ఉన్నచోట బుద్ధి కాస్త పక్కకి జరిగి కూర్చుంటుంది.

ఆ తర్వాతి వారం ఒక కంపెనీ వాళ్ళ వేడుక, పొద్దున పదకొండింటికి, వాళ్ళ భవనం పైఅంతస్తు హాల్లో. మెట్ల దగ్గర వదిన అలవాటుగా చెయ్యి చాపింది, పట్టుకోవడానికి పిడి కోసం. పిడి లేదు. బేసమ్మ ఎడమ చేతి సంచిలో ఉంది హెడ్డు. వదిన సంచిలోకి తొంగి చూసింది.

"ఇదేంటే, టిఫిన్ డబ్బానా?"

"బుడ్డోడు వదినా. పేరు కూడా మీకు శ్రమ లేకుండా నేనే పెట్టేశా."

వదిన నవ్వింది గానీ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఖాళీ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు మెట్లెక్కింది. పాపం, భయపడుతోంది అనుకుంది బేసమ్మ. మీకేం ఫర్వాలేదు వదినా, నేను చూసుకున్నాను అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మొగుడు వెనకాలే కీబోర్డు మోసుకుంటూ వస్తున్నాడు. మింగేసింది.

వేదిక మీద స్పీకరు పెట్టెని వదిన స్టూలుకి ఆనించింది. పైన నున్నటి చెక్క మీద బుడ్డోణ్ణి కూర్చోబెట్టి, బేస్ బొత్తాన్ని చివరిదాకా తిప్పింది. మొదటి పాట మొదలవగానే ముందు వరసలో వాళ్ళు నీళ్ళ గ్లాసులు పట్టుకున్నారు. మొగుడు కీబోర్డు వెనక నుంచి తగ్గించు, తగ్గించు అని కనుబొమలతో సైగ చేశాడు. ఆమె ఎటో చూసింది. రెండో పాటకి సైగ మానేసి గుడ్లురిమాడు. ఆమె అప్పుడు కూడా ఎటో చూసింది. వదిన బీటు గోడ కట్టినట్టు నిలబడింది. అదొక్కటే కావాలి. తలనొప్పి వచ్చేవాళ్ళకి రానీ.

మూడో పాట సగంలో ఉండగా గిటారు మూగబోయింది.

బేసమ్మ మళ్ళీ మీటింది. తీగ వేళ్ళకి తగులుతోంది, శబ్దం లేదు. వెనక్కి తిరిగి చూస్తే స్పీకరు మీద బుడ్డోడు లేడు. అదురుకి అంగుళం అంగుళం నడుచుకుంటూ వెళ్ళి వెనక అంచు మీంచి దూకేశాడు. కరెంటు తీగ ఊడిపోయింది. మెలితిప్పి బిగించే స్పీకరు తీగ మాత్రం వదల్లేదు. దాన్ని పట్టుకుని పెట్టెకీ కర్టెనుకీ మధ్య వేలాడుతున్నాడు.

బేసమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. అదురు లేదు. వదిన స్టూలు కింద ఏమీ లేదు. అదీ మొగుడి కళ్ళ ముందు, ఇంతమంది ముందు. గబుక్కున మోకాళ్ళ మీద కూలబడి తీగ కోసం చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే బీటు తూలింది. ఒక దెబ్బ ఆలస్యంగా పడింది, ఇంకోటి తొందరపడింది. అయిపోయింది అనుకుంది. ఏం చేస్తున్నదీ తెలీకుండానే లేచి నిలబడి మూగ గిటారునే వాయించడం మొదలుపెట్టింది, అలవాటు కొద్దీ కుడి మడమ నేలకేసి కొడుతూ.

బీటు కుదురుకుంది.

బేసమ్మకి అర్థం కాలేదు. ఆగడానికి ధైర్యమూ లేదు. వదిన వంక చూసింది. వదిన ఆమె మొహం వైపు చూడ్డం లేదు. ఎక్కడో కిందికి చూస్తూ, పెదవి కొరికి, హాయిగా వాయించుకుపోతోంది. మొగుడు సంగతి కనిపెట్టి ఎడమ చేత్తో కీబోర్డు మీద కింది స్వరాలు అందుకున్నాడు. పాట చివరిదాకా బేసమ్మ చప్పుడు లేని గిటారు వాయించింది. చప్పట్లు కొట్టారు. కంపెనీ పెద్ద ఎవరో మాట్లాడ్డానికి లేచాడు. విరామం.

వేదిక వెనక, మడత కుర్చీలు పేర్చిన సందులో, బేసమ్మ వదిన చెయ్యి పట్టుకుంది. "క్షమించండి వదినా. పడిపోయింది. రబ్బరు వేసుకోమన్నాడు, నేనే వేసుకోలేదు. అంతసేపు శబ్దం లేకుండా ఎలా నెట్టుకొచ్చారో..."

"శబ్దం పోయిందా?" అంది వదిన. "ఎప్పుడు?"

బేసమ్మ మొహం వంక చూసి మళ్ళీ తనే అంది. "నువ్వు ఉన్నట్టుండి వంగావు చూడు, అప్పుడా? అప్పుడు మాత్రం నా గుండె జారిపోయింది. ఏమైందే, కళ్ళు తిరిగాయా?"

"మీకు... తెలీలేదా? అదురు ఆగిపోతే?"

"ఏం అదురు?"

"మీ స్టూలు కింద అదురు వదినా! మీరే చెప్పారు కదా. పెద్దాయన పుణ్యమా అని..."

వదినకి అప్పుడు గుర్తొచ్చింది. "ఓ, అదా! అది మొదట్లోనే. తర్వాత నడుం నొప్పని దళసరి స్పాంజి సీటు కొనుక్కోలేదూ? దాని మీద కూర్చుంటే భూకంపం వచ్చినా తెలీదు. అప్పట్నుంచీ నీ మడమే చూస్తున్నా. కుడి మడమ. నువ్వు ఒక్క దెబ్బ కూడా వదలవు. నీకు తెలీదా నువ్వు కొడతావని?"

బేసమ్మకి తెలీదు.

"మరి నాకు చెప్పొద్దూ?" బేసమ్మ పట్టుకున్న చెయ్యి వదిలేసింది. "ఇన్నాళ్ళూ మీ కోసమే కదా ఆ ఏనుగుని మోసింది! నా భుజం..."

"నా కోసమా?" వదిన కసిరినట్టు అంది. "ఓసి పిచ్చిదానా! ఆ పెట్టంటే నీకు ప్రాణం అనుకుని కదే నేను రెండో పిడి పట్టుకుంది! నా నడుం పోయింది దాని వల్లే! ఆ స్పాంజి సీటు కొనుక్కుంది ఆ నడుం కోసమే! నువ్వు ఒక్కదానివి మోస్తే ఏమైపోతావో అని..."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. బేసమ్మ అయితే నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఎన్నాళ్ళ నుంచో ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. భుజం నొప్పి అలాగే ఉంది, అయినా ఒళ్ళు తేలిగ్గా ఉంది. కుర్చీల దొంతర ఊగేంతగా నవ్వుకుంటుంటే మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కడ మన పరువు పోతుంటే ఇక్కడ నవ్వులా? బేస్ ఎందుకాగిపోయింది? ముందేమో అంత మోత ఏంటి?"

బేసమ్మ బొంకడానికి నోరు తెరిచింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒరేయ్, నాకు కింది స్వరాలు వినపడవురా. మూడేళ్ళయింది."

అతను అక్క వంకా పెళ్ళాం వంకా మార్చి మార్చి చూశాడు. "మరి... ఇన్నాళ్ళూ ఎలా వాయించావు?"

"ఎలాగో ఒకలా. నీకెప్పుడైనా తెలిసిందా?"

"లేదు."

"ఇందాక బేస్ లేకుండా తాళం తప్పానా?"

"ఒక్క క్షణం... తర్వాత లేదు."

"మరి మెషిన్ గొడవ నా దగ్గర ఎత్తకు."

అతను కుర్చీల పక్కనే చతికిలబడ్డాడు. తర్వాత చిన్న గొంతుతో, "నలుగురిలో నీ మీద అరిచాను కదక్కా ఆ రోజు" అన్నాడు. వదిన అతని జుట్టు చెరిపింది. రేపే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. వస్తాలేరా, ముందు టీ ఇప్పించు అంది.

విరామం అయ్యేలోపు బేసమ్మ బుడ్డోణ్ణి పైకి లాగింది. ఒక మూల సొట్ట పడింది గానీ దీపం వెలిగింది. వదిన చేతులు తుడుచుకునే తువ్వాలు మడతపెట్టి కింద పరిచింది. బేస్ బొత్తాన్ని మధ్యకి తిప్పి, మొదటిసారి తన చెవి కోసం వింది. దుకాణదారు అబద్ధం చెప్పలేదు. బంగారంలాగే పలికింది. మొదటి స్వరానికే మొగుడు తలెత్తి చూసి నవ్వాడు. వదిన స్టూలు మీంచి కర్ర ఊపి పిలిచింది.

"ఏమే! కొంచెం ఇటు జరుగు. స్పీకరు అడ్డమొస్తోంది, నీ కాలు కనపడ్డం లేదు."

మూడేళ్ళుగా ఆవిడకి ఆనించి పెట్టిన ఆ పెట్టెని బేసమ్మ మోకాలితో అవతలికి నెట్టేసింది.

వేడుక ముగిసి మెట్లు దిగేటప్పుడు బుడ్డోడి సంచి ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి ఖాళీ. పక్కన వదిన ఎడమ చెయ్యీ ఖాళీ. అన్నేళ్ళ అలవాటు కదా, ఇద్దరి చేతులూ మధ్యలో పెట్టె ఉన్నట్టే కొంచెం చాచి ఉన్నాయి. మొదటి మెట్టు దగ్గర వదిన మరదలి చెయ్యి పట్టేసుకుంది.

"ఊఁ, దిగు" అంది.